‘వి’ లేని లాడ్జి

పట్నంలో మా అన్నయ్యకు బస వెతికే పని నా మీద పడినప్పుడు, అదెంతసేపులే అనుకున్నాను. ఫోను తీశాను, పదకొండు హోటళ్ల ఫొటోలు చూశాను, దుప్పటి ముడత పడకుండా పరిచి ఉన్నచోట ఒక గది ఖాయం చేశాను. ఆ రోజంతా నా తెలివికి నేనే మురిసిపోయాను. అన్నయ్య ఎలాంటివాడో యాభై ఏళ్లుగా తెలిసి కూడా బోర్డు ఫొటో మాత్రం చూడలేదు.

అన్నయ్య అంటే మా పెదనాన్న కొడుకు. బోర్డులు రాసేవాడు. మందుల దుకాణం, బట్టల దుకాణం, బడి గోడ, లారీల వెనక తలుపులు, ప్లీడరుగారి గుమ్మం, ఇలా మా ఊళ్లో చదువు నేర్చిన ప్రతివాడూ దారిన పోతూ కూడబలుక్కున్నది అన్నయ్య చేతిరాతనే. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ‘అక్షరాలాయన’. రంగు డబ్బా పట్టుకుని పక్కన నడిచేది మా వదిన. అన్నయ్య అక్షరం అంచు గీస్తే లోపల రంగు నింపేది ఆవిడ. ‘గీత మీ అన్నయ్యది, కడుపు నాది’ అనేది. ముప్పై ఏళ్లలో ఆవిడ రంగు వెంట్రుకవాసి గీత దాటినా అన్నయ్య నిచ్చెన మీదనుంచే కేకలు వేసేవాడు.

తర్వాత మెషిన్లో అచ్చేసే బోర్డులు వచ్చాయి. ‘వస్తే వచ్చాయి, అవి ఎండకు వెలిసిపోతాయి, నేను వెలిసిపోను’ అని నవ్వేశాడు. పని తగ్గింది, పోలేదు. ఆయన్ను పడేసింది మెషిను కాదు, కుడిచెయ్యి. ఏడాది కిందట టీ గ్లాసు దగ్గర వణుకు మొదలైంది. తర్వాత చొక్కా గుండీల దగ్గర. ఆ తర్వాత బ్రష్షు దగ్గర. అప్పటినుంచి ఆయన చెయ్యి జేబులోనే ఉంటోంది. ఎవరైనా పని చెప్పడానికొస్తే ‘ఈ నెల ఖాళీ లేదండీ’ అనేవాడు. ఖాళీ తప్ప ఆయన దగ్గర ఇంకేమీ లేదని ఊరందరికీ తెలుసు. పాపం, వాళ్లు కూడా ‘అలాగేనండీ, వచ్చే నెల వస్తాం’ అని వెళ్లిపోయేవారు.

పట్నంలో నరాల డాక్టరు ఒకాయన ఉన్నాడని, మర్నాడు పదింటికి చూస్తాడని కబురొచ్చింది. మళ్లీ అక్షరం రాయగలనా లేదా, అదొక్కటే అన్నయ్యకు కావలసింది. సంచీలో రెండు జతల బట్టలూ, గుడ్డలో చుట్టిన బ్రష్షూ పెట్టుకున్నాడు.

“బ్రష్షెందుకండీ? ఆయన చూసేది చేతిని” అంది వదిన.

“చెయ్యి ఏం పని చెయ్యాలో ఆయనకు తెలియొద్దూ?” అన్నాడు అన్నయ్య.

అలా ముగ్గురం బస్సు దిగి, నేను ఖాయం చేసిన హోటల్ ముందు నిలబడ్డాం. గాజు తలుపులు, లోపల చల్లగాలి. నేను గర్వంగా సంచీ ఎత్తాను. అన్నయ్య కదల్లేదు. తల పైకెత్తి బోర్డు చూస్తున్నాడు.

“ఒరేయ్, అదేమిటో చదువు.”

“అతిథి గృహం.”

“నువ్వు చదివింది నీ బుర్రలో ఉన్నది. అక్కడున్నది చదువు. అ-తి-ధి. ‘థ’ కడుపులో చుక్కేదిరా?”

“అన్నయ్యా, చుక్కమీద పడుకోం కదా, పరుపుమీద పడుకుంటాం.”

“అతిథిని సరిగ్గా రాయడం రానివాడు అతిథిని సరిగ్గా చూస్తాడా? పద.”

“ఖాయం చేసేశాను...”

“నన్నడిగి చేశావా?”

వదిన నా చెవిలో, “ఈ ఏడాదిలో ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు మరిదిగారూ. పోనివ్వండి” అంది. పోనిచ్చాను. కౌంటరులో అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక, ‘మీ బోర్డులో చుక్క లేదటండీ’ అని నిజమే చెప్పాను. ఆ అమ్మాయి ముందు నావైపు, తర్వాత కాపలా మనిషివైపు చూసింది. మర్యాదగా నడిచే బయటకొచ్చాను.

రెండో హోటల్ ఎదురు వీధిలో. దాని బోర్డు చూసి అన్నయ్య, “అక్షరానికీ అక్షరానికీ మధ్య గాలి లేదు. గదుల్లోనూ ఉండదు” అన్నాడు. నాకు రోషం వచ్చి లోపలికెళ్లి గది చూశాను. గోడకు పరదా వేలాడుతోంది. తొలగిస్తే వెనక కిటికీ లేదు, గోడే ఉంది. బయటకొచ్చి ఆ సంగతి చెప్పకుండా ‘స్నానాలగది దూరం’ అన్నాను. అన్నయ్య నా మొహం చూసి నవ్వాడు.

“ఇంకోటి చూస్తా. నాలుగు చుక్కల హోటల్...”

“ముందు మాట సరిగ్గా అను. తింటే హోటలు, పడుకుంటే లాడ్జి. పడుకోవడానికి వచ్చాం, లాడ్జి చూడు.”

ఆ లాడ్జిని చూసింది నేను కాదు, ఆయనే. సందు మలుపులో మూడంతస్తుల పాత ఇల్లు. తలుపు మీద చెక్క బోర్డు, నీలం నేల మీద తెల్ల అక్షరాలు, చేత్తో రాసినవి. అన్నయ్య రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక ఆటో హారను కొడుతున్నా కదల్లేదు.

“చూశావా, ఆ దీర్ఘం! ఒక్క ఊపులో లాగాడు. మధ్యలో బ్రష్షు ఎత్తలేదు.” జేబులోనుంచి చెయ్యి బయటకొచ్చి గాలిలో ఆ గీత లాగింది. వణుకుతోందని ఆయన చూసుకోలేదు. మేం చూశాం.

అప్పుడు వదిన బోర్డు చదివి పకపకా నవ్వింది. “శ్రాంతి లాడ్జి!”

మొదట ‘విశ్రాంతి’ అని ఉండేదన్నమాట. ముందున్న ‘వి’ ఎండకూ వానకూ పెచ్చులూడిపోయింది. మిగిలింది శ్రాంతి. అలసట.

“అలసట లాడ్జి” అన్నాడు అన్నయ్య, కళ్లలో నీళ్లొచ్చేంతగా నవ్వుతూ. “ఒరేయ్, మనకోసమే పెట్టారురా. పద లోపలికి.”

గది చిన్నది. రెండు మంచాలు, ఒక కుర్చీ, వీధిలోకి కిటికీ. కుళాయి తిప్పితే దగ్గి దగ్గి నీళ్లిచ్చింది. పరుపుకు మధ్యలో గొయ్యి. అన్నయ్య ఆ గోతిలో హాయిగా కూర్చుని, “గాలి ఉంది చూశావా?” అన్నాడు.

భోంచేశాక వాళ్లిద్దరూ నడుం వాల్చారు. నేను కిందికి దిగి, మంచి చేస్తున్నాననుకుని ఒక పని చేశాను.

లాడ్జి యజమాని డెబ్భై దాటిన మనిషి. బల్ల మీద తాళంచెవులు వరసగా పేర్చుకుంటున్నాడు. అన్నయ్య సంగతంతా చెప్పాను. “ఆ ‘వి’ ఆయన చేత రాయించుకోండి బాబాయిగారూ. రేపు డాక్టరు దగ్గరకి ధైర్యంగా వెళ్తాడు.”

“ఊడి మూడేళ్లయింది. ఎవరూ అడగలేదు” అన్నాడాయన. “సరే కానీ, చెయ్యి వణుకుతోందన్నారుగా. బోర్డు మా నాన్న రాయించింది...”

“బాగా రాకపోతే మేం వెళ్లాక తుడిచెయ్యండి. ఆయనకేం తెలుస్తుంది?”

“మీరు వెళ్లాక. సరే.”

నేను ‘వెళ్లాక’ అన్నది ‘ఊరికి వెళ్లాక’ అని. ఆ ముక్క నా నోట్లోనే ఉండిపోయింది.

మూడింటికి యజమాని పైకొచ్చి, చేతులు కట్టుకుని, “మీరు బోర్డులు రాస్తారటగా, మాకొక అక్షరం కావాలి” అన్నాడు. అన్నయ్య నావైపు చూడలేదు. వదినవైపు చూశాడు. వదిన అప్పటికే కొంగు దోపుకుంటోంది.

నిచ్చెన వచ్చింది, తెల్లరంగు వచ్చింది. అన్నయ్య సుద్ద పూసిన దారం పట్టించి కొలత గీతలు కొట్టాడు. బోర్డుకు ఊతకర్ర ఆనించి, దానిమీద మణికట్టు పెట్టి, ఊపిరి బిగబట్టాడు. ఒక్క ‘వి’. ఒకప్పుడు ఆ చెయ్యి పది నిమిషాల్లో రాసేసే అక్షరం. గంటన్నర పట్టింది. గుండ్రం తిప్పాడు, తలకట్టు స్థానంలో గుడి కట్టాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని పైకి చూడకుండా చెప్పులు చూస్తూ నిలబడ్డాను. చూస్తే ఆయనకు తెలిసిపోతుందని.

“కడుపు నింపు” అని దిగాడు. వదిన ఎక్కింది. అప్పుడు తలెత్తాను. అక్షరం అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. వదిన రంగు నింపుతూ పోయింది. అంచు దగ్గరకు రాగానే బ్రష్షు ఒక్క పిసరు బయటకు జరిపింది. పళ్ల మధ్య సందులు పూడ్చుకుంటూ గీత చుట్టూతా దాటింది.

అన్నయ్య చూశాడు. కేక వేస్తాడేమోనని ఎదురుచూశాను. వెయ్యమని మనసులో దండం పెట్టుకున్నాను.

“బాగా నింపావు” అన్నాడు.

వదిన నిచ్చెన దిగి, చేతులు కడుక్కొస్తానని లోపలికెళ్లి చాలాసేపు రాలేదు.

మర్నాడు డాక్టరు కాగితం ఇచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి సుడి గీయమన్నాడు. అన్నయ్య గీశాడు. డాక్టరు దాన్ని చూసి, చేతుల్ని మడిచి చూసి, నడిపించి చూసి, మందులు రాశాడు. మంచివాడే, నెమ్మదిగా మాట్లాడాడు.

“మందులతో వణుకు కొంత తగ్గుతుంది. అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం తేలికవుతుంది. మీరేం పని చేస్తారు?”

“బోర్డులు రాస్తానండీ.”

“ఓహో, బోర్డులు రాసేవారన్నమాట” అన్నాడు డాక్టరు, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

అన్నయ్య ఇంకేమీ అడగలేదు. సంచీలోనుంచి బ్రష్షు తీయనేలేదు. మెట్లు దిగుతూ, “చూశావురా, ‘రాస్తాను’ అని లోపలికెళ్లాను, ‘రాసేవారు’ అయి బయటకొచ్చాను. ‘రా’ ఒక్కటే మిగిలింది” అన్నాడు. నవ్వుదామని చూశాను. కుదరలేదు.

సాయంత్రం దాకా పడుతుందనుకున్నది పదకొండున్నరకే అయిపోయింది. సందు మలుపు తిరిగేసరికి లాడ్జి యజమాని స్టూలెక్కి ఉన్నాడు. చేతిలో గుడ్డ, కాళ్ల దగ్గర టర్పెంటైన్ సీసా. ‘వి’ గుడి సగం పోయింది.

ఆయన మమ్మల్ని చూసి గుడ్డ వెనక దాచుకున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, బడిలో దొరికిపోయినవాడిలా. “మీరు... వెళ్లాకనే అన్నారుగా” అన్నాడు, నావైపు చూసి.

ఆ వీధిలో ఎక్కడైనా గొయ్యి ఉంటే దిగిపోయేవాణ్ణి. అన్నయ్య ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు, అంతా అర్థమైంది. సంచీ నా చేతికిచ్చాడు.

“దిగండి బాబాయిగారూ. అలా అడ్డంగా రుద్దితే పక్కనున్న ‘శ్రా’ కూడా పోతుంది. అది రాసినవాడు మొనగాడు.”

“వద్దండీ, ఉండనివ్వండి, బాగానే...”

“దిగండి.”

గుడ్డ మడిచి, చివర మాత్రం టర్పెంటైన్‌లో తడిపి, స్టూలెక్కాడు. వదిన స్టూలు పట్టుకుంది. ఈసారి ఊతకర్ర లేదు, ఊపిరి బిగబట్టడం లేదు. చెయ్యి తనంతట తాను చకచకా కదులుతోంది. గుండ్రం పోయింది, గుడి పోయింది. ‘శ్రా’ మీద చుక్క మరక పడలేదు.

“తుడవడానికి వణుకు కలిసొచ్చిందిరా” అన్నాడు పైనుంచి.

“అన్నయ్యా, నేను నిన్ను...”

“ఊరుకో. ఆఖరి పని ఇప్పించావు. దాన్ని తుడవడం కూడా ఇంకొకరి చేతికి మిగల్చలేదు నేను.”

తర్వాత ఐదేళ్లు బతికాడు. మందులు పనిచేశాయి, గుండీలు తనే పెట్టుకున్నాడు. బ్రష్షు ఆ గుడ్డలోనే ఉండిపోయింది. వీధుల్లో ఆయన రాసిన బోర్డులు ఒక్కొక్కటే దిగిపోతుంటే ఆ దారిన వెళ్లడం మానేసేవాడు. ఆఖరికి ఇంట్లోంచి గుమ్మం దాకానే.

మొన్న పని పడి పట్నం వెళ్లాను. ఫోనులో హోటల్ చూడలేదు, నేరుగా ఆ సందుకే వెళ్లాను. యజమాని లేడు, కోడలు తాళంచెవి ఇచ్చింది. బోర్డు మాత్రం మారలేదు. శ్రాంతి లాడ్జి.

పొద్దున్నే బయటకొచ్చి తలెత్తాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. ‘శ్రా’ ముందున్న ఖాళీలో సన్నటి తెల్లగీత ఒకటి కనిపించింది, వంకర లేకుండా, గుండ్రం తిరిగి సగం గుడి కట్టి. కాసేపటికి గానీ బోధపడలేదు. అన్నయ్య ఆ రోజు తన గీత వరకే తుడిచాడు. గీత దాటిన రంగు వదినది. దాని జోలికి వెళ్లలేదు.

ఊరికొచ్చి వదినకు చెప్పాలా వద్దా అని వారం రోజులు తటపటాయించి, చెప్పాను.

“మీ అన్నయ్య చూశారన్నమాట” అంది. “ఒక్క కేక వేస్తే ఏం పోయేదో.”