వాన పడితేనే బయలుదేరే స్కూటీ

ఆ రోజుల్లో, అంటే సూర్యాపేటలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని కిటికీ తెరిచి ఆకాశం వైపు చూడటం. మబ్బు పట్టి ఉంటే ప్రాణం లేచివచ్చేది. ఎండ ఫెళ్ళున కాస్తుంటే దిగులేసేది. ఇంట్లో వాళ్ళు దీన్ని ప్రకృతి ప్రేమ అనుకున్నారు. (మా అక్కయితే నేను చాటుగా కవిత్వం రాస్తున్నానేమోనని నా నోటు పుస్తకాలు కూడా వెతికింది.) అసలు సంగతి ఇన్నేళ్ళకు ధైర్యంగా చెప్పుకోగలుగుతున్నాను. నాకప్పుడు డ్రైవింగ్ లైసెన్సు లేదు. మబ్బుకీ లైసెన్సుకీ ఏమిటి సంబంధమంటారా? అదే చెప్పబోతున్నాను.

నాది కళ్ళద్దాల షాపులో పని. సూర్యాపేటలో తయారైన అద్దాలను వారానికి రెండు మూడుసార్లు కోదాడకు, మిర్యాలగూడకు తీసుకెళ్ళి, అక్కడ కంటి పరీక్ష చేయించుకున్న వాళ్ళకు పెట్టి చూసి, చెవుల దగ్గర వదులో బిగుతో సరిచేసి రావాలి. చేరిన రోజున మా షాపు సారు ఒక్కటే అడిగాడు, "స్కూటీ ఉన్నదా? లైసెన్సు ఉన్నదా?" అని. స్కూటీ ఉంది, అక్క పెళ్ళై పక్క వీధికి వెళ్తూ నాకు వదిలేసింది. కాబట్టి మొదటి ప్రశ్నకు "ఉన్నది సార్" అన్నాను. అదే ఊపులో రెండో ప్రశ్నకూ "ఉన్నది సార్" అనేశాను. నిజానికి నేను రెండుసార్లు పరీక్షకు వెళ్ళి రెండుసార్లూ తప్పాను. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమంటే, సగం తిరిగి, భయమేసి కాలు కింద పెట్టి, తిన్నగా బయటికి వచ్చేశాను. "నేను ఎనిమిది వేయమన్నా, నువ్వు మూడు వేసినవ్ తల్లీ" అన్నాడు పరీక్ష పెట్టినాయన. మూడోసారి వెళ్ళే ముఖం లేక, ఇంట్లో పాసయ్యానని చెప్పేశాను.

అప్పటి నుంచి ఖాకీ రంగు ఎక్కడ కనిపించినా అది నా కోసమే వచ్చిందని నా నమ్మకం. ఒకసారి మిర్యాలగూడలో ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన చెయ్యి ఊపుతూ, అరుస్తూ నా వెనకాలే పడ్డాడు. నేను వేగం పెంచాను. ఆయనా పెంచాడు. రెండు వీధులు తిరిగి, ఒక సందులో దూరి, ఎదురుగా గోడ రావడంతో ఆగిపోయాను. చూస్తే ఆయన ఆటో డ్రైవరు. "సైడు స్టాండు తియ్యలే బిడ్డా, పడి సస్తవ్! గంత దూరంసంది మొత్తుకుంటున్న!" అన్నాడు రొప్పుతూ. థాంక్స్ చెప్పాను గాని, ఆయన పోలీసులకు వార్త మోసే మనిషేమోనన్న అనుమానం మాత్రం మరో వారం వరకు పోలేదు.

హెల్మెట్ మర్చిపోయేదాన్ని కాదు. సిగ్నల్ దాటేదాన్ని కాదు. ఫోన్‌లో ఫోటో కొట్టి చలాన్లు పంపే వాళ్ళతో నాకు పేచీ లేదు, ఎందుకంటే ఫోటోలో లైసెన్సు కనపడదు. నా భయమంతా చెయ్యెత్తి ఆపి "కాగితాలు చూపియ్" అనే వాళ్ళతోనే. అందులోనూ కోదాడ రోడ్డు మీద నిలబడే ఒక గుబురు మీసాలాయనంటే మరీ భయం, ఆయనకు నేను మీసాల సారని పేరు కూడా పెట్టుకున్నాను. అందుకే చలికాలం నుంచి వానలు మొదలయ్యేదాకా వాళ్ళ రాకపోకలను శ్రద్ధగా గమనించాను. మామూలు ఎండలో రోడ్డు మధ్యలోనే ఉంటారు. ఎండ ముదిరితే చెట్టు నీడకు చేరతారు, కాని నీడలో ఉన్న పోలీసు దూరం నుంచి కనపడడు గనక అది ఇంకా ప్రమాదం. చలికాలం పొగమంచులో హైవే మీద ఎవరినీ ఆపరు, ఎర్ర లైటు ఊపుతూ మెల్లగా పొమ్మంటారంతే. ఇక వాన పడిందా, చెయ్యెత్తే నాథుడే ఉండడు! తడవడం ఇష్టం లేక ఏ హోటల్లోనో చాయ్ తాగుతుంటారని తేల్చేశాను. అంతే, వాన రోజులన్నీ నావే అయ్యాయి. ఎండ కాసిన రోజున కడుపునొప్పి, తలనొప్పి అంటూ ప్రయాణం వాయిదా వేసేదాన్ని. ముసురు పట్టగానే రెయిన్‌కోటు తొడుక్కుని, "నేను పోతా సార్!" అని లేచేదాన్ని. మా సారు మురిసిపోయి, "సూడుండ్రి, వానకు సుతం భయపడది" అని మిగతా వాళ్ళకు నన్ను చూపించేవాడు. (నాకు కళ్ళద్దాలున్నాయని, వాన చినుకులు పడితే వాటిలోంచి లారీకీ లారీ వెనకున్న గేదెకూ తేడా తెలిసేది కాదని ఆయనకు తట్టలేదు. అద్దాల షాపు నడిపే మనిషికి!)

ఆ రోజు కోదాడలో ఒక పెద్దావిడకు అద్దాలివ్వాలి. కంటి ఆపరేషన్ అయి, కొత్త అద్దాల కోసం ఎదురుచూస్తోంది. మధ్యాహ్నం సన్నగా మొదలైన వాన మునగాల దాటేసరికి కుండపోత అయింది. అద్దాలు తుడుచుకుంటే మళ్ళీ తడుస్తున్నాయి, తీసేస్తే అసలే కనపడదు. రోడ్డు పక్కన మూసి ఉన్న ఒక దాబా రేకుల షెడ్డు మసకమసకగా కనిపిస్తే బండిని నేరుగా అందులోకి పోనిచ్చాను. లోపల మూలగా ఏదో పెద్ద బస్తా ఉంది. దానికి ఆనించి ఆపుదామని దగ్గరికి తీసుకెళ్ళాను. బస్తా దగ్గింది.

అద్దాలు తుడిచి పెట్టుకుని చూస్తే, రెయిన్‌కోటులో ముడుచుకుని కూర్చున్న పోలీసు! అందులోనూ నేను నెలల తరబడి తప్పించుకు తిరుగుతున్న మీసాల సారు. నా ముందు చక్రానికీ ఆయన మోకాలికీ మధ్య జానెడు దూరం లేదు.

"ఆగినవా, ఇంకా ముందుకొస్తవా?" అన్నాడాయన.

"సారీ సార్. కనవడలే" అన్నాను. వెనక్కి తిప్పుకుని పోదామంటే బయట అడుగు దూరంలో ఏముందో తెలియని వాన.

ఆయన నన్నూ, బండినీ, ముందు పెట్టుకున్న డబ్బానూ తీరిగ్గా చూశాడు. "ఏం పని చేస్తవమ్మా?"

అద్దాల షాపు అంటే మా షాపు సారు ఫోన్ నంబరు అడుగుతాడు, ఆయనతో మాట్లాడితే లైసెన్సు సంగతి వస్తుంది, ఉద్యోగం పోతుంది. ఇదంతా రెప్పపాటులో ఆలోచించి, "టీచర్ సార్" అన్నాను.

"డబ్బాల ఏమున్నయ్?"

"కళ్ళద్దాలు సార్."

"టీచరమ్మకు డబ్బెడు కళ్ళద్దాలెందుకు?"

"పిల్లలకు... కనవడదు సార్."

"క్లాసు మొత్తానికా?"

నేను డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. ఆయన లేచి, రెయిన్‌కోటు దులుపుకుని, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "సూడు బిడ్డా, రెండు నెలలసంది నిన్ను సూస్తున్న. ఎండల ఒక్కనాడు కనవడవు. వాన పడ్డదంటే సాలు, పోలీసోళ్ళు ఆపరని తెలిసినట్టే దబదబ పోతవ్. గిట్ల వానల్నే తిరిగేటోళ్ళు ఎవలో తెలుసా? బార్డర్ అవతలికెళ్ళి సరుకు తెచ్చేటోళ్ళు. నిజం చెప్పు, డబ్బాల గుట్కానా?"

దొరక్కుండా ఉండాలని నేను ఎంచుకున్న వానలే నన్ను పట్టించాయి! నేను వాళ్ళను గమనిస్తుంటే, ఆయన నన్ను గమనిస్తున్నాడు. ఏడుపొక్కటే తక్కువ. డబ్బా తెరిచి, ఒక్కో జతా తీసి చూపిస్తూ అంతా కక్కేశాను: షాపు సంగతి, ఎనిమిదికి బదులు మూడు వేసిన సంగతి, ఇంట్లో చెప్పిన అబద్ధం, అన్నీ. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. డబ్బాలోంచి, ఎవరికి ఏ అద్దాలివ్వాలో రాసిన షాపు చీటీ తీసి చదవబోయాడు. చెయ్యి చాపినంత దూరం పెట్టి చూశాడు, ఇంకా వెనక్కి వంగి చూశాడు. లాభం లేకపోయింది. అలవాటు కొద్దీ నేను దగ్గరి చూపు అద్దాలు ఒక జత తీసి అందించాను. పెట్టుకుని, చీటీ మొత్తం పైకి చదివి, "అరె!" అన్నాడు. ఇంకోసారి చదివాడు. తర్వాత తన అరచేతి గీతలు కూడా చూసుకున్నాడు.

కాస్త మెత్తబడ్డాడనిపించి, ఎప్పటి నుంచో ఉన్న అనుమానం అడిగేశాను. "సార్, వానల మీరు ఎందుకు ఆపరు? తడుస్తరనా?"

ఆయన బయటికి చూస్తూ అన్నాడు, "పోయినేడు గిట్లనే వాన. పాల క్యాన్లు కట్టుకొని ఒకాయన వస్తుండె. హెల్మెట్ లేదని చెయ్యెత్తిన. భయపడి బ్రేకు కొట్టిండు. బండి జారింది, కాలు ఇరిగింది. రోడ్డంత పాలు. నేనే ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయిన. ఆ దినంసంది వానల చెయ్యి లేస్తలేదు నాకు. మీరేమో చాయ్ తాగుతుండ్రు అనుకుంటరు."

అచ్చం అలాగే అనుకున్నదాన్ని కాబట్టి తలెత్తలేదు.

వాన కొంచెం తగ్గాక మా సారుకు ఫోన్ చేశాడు. నా ఉద్యోగం ఖతం అనుకుని కళ్ళు మూసుకున్నాను. "మీ పిల్ల మునగాల దగ్గర ఉన్నది. వాన జోరుగున్నదని బండి మీద పోవద్దన్న. బస్సు ఎక్కిస్తున్న" అని పెట్టేశాడు. అంతే! తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "బండి స్టేషన్ల ఉంటది. లైసెన్సు తెచ్చుకో, తీస్కపో" అని, ఎర్రబస్సును ఆపి ఎక్కించాడు. కోదాడలో పెద్దావిడ కొత్త అద్దాల్లోంచి నన్ను ఎగాదిగా చూసి, "ఇంత వానలో ఎందుకొచ్చావే అమ్మాయ్, రేపొస్తే సరిపోయేదిగా!" అంది. నేను నవ్వలేకపోయాను. ఆ పోలీసు మా సారుకు సంగతి ఎందుకు చెప్పలేదు? ఏం ఆశించి దాచాడు? వారమంతా ఇదే అనుమానం. ఇంట్లోనూ, షాపులోనూ బండి రిపేరులో ఉందన్నాను.

వారం తర్వాత ఆయన షాపులోకే వచ్చాడు. నేను ఫ్రేముల అలమారా వెనక్కి వంగాను. ఆయన వచ్చింది కంటి పరీక్షకు. అద్దాలు కుదిరాక, మా సారు సంతోషం పట్టలేక నన్ను పిలిచి పరిచయం చేశాడు. "మా పిల్ల శాన నిక్కచ్చి మనిషి సార్. లైసెన్సు లేకుండ బండి ముట్టది."

మీసాల సారు కొత్త అద్దాల పైనుంచి నన్ను చూశాడు. "అవును, ముట్టది. బండి నా దగ్గర్నే ఉన్నది" అన్నాడు.

ఆ తర్వాత మా సారు అన్న మాటలు ఇక్కడ రాయను. ఉద్యోగం మాత్రం పోలేదు. లైసెన్సు వచ్చేదాకా బస్సులో తిరగమన్నాడు. పొద్దున్నే ఖాళీ మైదానంలో ముగ్గుపిండితో ఎనిమిది గీసుకుని, మా అక్క వెనకాల నిలబడి తిడుతుండగా తిరిగాను. మూడోసారికి పాసయ్యాను.

కార్డు చేతికొచ్చిన రోజు మండిపోయే ఎండ. స్టేషన్ నుంచి స్కూటీ విడిపించుకుని, మీసాల సారు నిలబడిన చోటికి నేరుగా వెళ్ళాను. చెయ్యెత్తలేదు. కొంచెం దూరం పోయి తిరిగొచ్చాను. ఇంకెవరినో ఆపుతున్నాడు. మూడోసారి ఆయన ముందే బండి నెమ్మది చేసి, ఆశగా చూశాను. "ఏందమ్మా, జర పక్కకు జరుగు, ట్రాఫిక్ జామైతది. పో పో!" అన్నాడు.

ఆ మాటకు చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఎండలో గాని, వానలో గాని, మంచులో గాని ఒక్కరంటే ఒక్కరు నన్ను ఆపి లైసెన్సు అడగలేదు. అప్పుడప్పుడు నేనే తీసి చూసుకుంటాను. అందులో ఫోటో తీసేవాణ్ణి కూడా అనుమానంగా చూస్తున్న ఒక సన్నపాటి పిల్ల ఉంటుంది. ఆ పిల్లను ఒక్కసారి ఆపి, "ఎవ్వరూ నిన్ను చూడట్లేదే, పో" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మదు లెండి.