వెనకగదిలో నవ్వులు

స్టూడియోకి వచ్చేవాళ్లందరికీ ఆమె కాపీ అక్క. పాత డీవీడీలు పూర్తిగా పాడైపోకముందే ఇంకో కాపీ చేయించి ఇంట్లో దాచుకుందామని జనం అక్కడికి వచ్చేవాళ్లు. ఆ పని ఆమెది. స్టూడియో మాత్రం ఆమె అక్క మొగుడిది.

వాళ్లు డిస్కులు తెచ్చే తీరు చూస్తేనే ఆమెకు అసహ్యం వేసేది. నూనె వేళ్ల ముద్రలు, ఎండిన టీ మరకలు, ఒకసారైతే కవరులో బొద్దింక కాలు. ముక్కు ముడుచుకుంటూనే మెత్తని గుడ్డతో పసిబిడ్డ ఒళ్లు తుడిచినంత ఒద్దికగా తుడిచి, డ్రైవులో పెట్టేది. సాఫ్ట్‌వేర్ దానంతటదే డిస్కులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి లాగి, ఖాళీ డిస్కు మీదకి ఎక్కించి, తన దగ్గరున్నది చెరిపేసేది. కాపీ సరిగా వచ్చిందో లేదోనని ఆమె అక్కడక్కడా కాసేపు చూసేది. చూసింది ఎవరికీ చెప్పేది కాదు. ఫలానా పెళ్లిలో ఎవరు కొట్టుకున్నారని పక్కింటావిడ ఎంత కూపీ లాగినా, పని తొందరలో చూడలేదని తప్పించుకుంది.

ఒకనాడు రిటైరైన నర్సమ్మ వచ్చింది. పక్షవాతంతో భర్తకు మాట పడిపోతే, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒక్కో మాటా తిరిగి నేర్పుతూ తీసిన వీడియో అది. ఆయన పోయాడు. డిస్కు ఆగి ఆగి ఆడుతోందట. కాపీ అక్క దాన్ని ఎంతో బతిమాలి కాపీ చేసిచ్చింది.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం వెనకగదిలో నవ్వులు వినిపించాయి. మధ్యలో తడబడే గొంతొకటి. ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ తలుపు తోసింది. తెరమీద నర్సమ్మ భర్త. గడ్డం మీద చొంగ కారుతుండగా "చె... చెం..." అంటున్నాడు. తెర ముందు బావ మూతి వంకర పెట్టి అచ్చం అలాగే అంటున్నాడు. ఇద్దరు స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"బావా, ఇది ఇక్కడికెలా వచ్చింది?"

చెరపొద్దని సాఫ్ట్‌వేర్‌కి తనే చెప్పి ఉంచానన్నాడు అతను, గొప్ప తెలివైన పని చేసినట్టు. నవ్వొచ్చేవన్నీ ఏరి పెట్టుకుంటున్నాడట. అతని ముందే ఆ ఫోల్డరు మొత్తం తిరగేసింది. పెళ్లికూతురు వాంతి చేసుకోవడం, శవం మీద పడి ఏడుస్తూ ఒకావిడ జారిపడటం. ప్రతిదానికీ ఒక వెకిలి పేరు. అట్టడుగున 'పిచ్చి అత్త' అని ఉంది. తెరిస్తే కాపీ అక్క తల్లే. ఎవరినీ గుర్తుపట్టలేని స్థితిలో, తన చివరి పుట్టినరోజున, కొవ్వొత్తిని కొరుకుతోంది.

కాపీ అక్క బాత్రూములోకి పరుగెత్తి కక్కుకుంది. తిరిగొచ్చి, అతను కంప్యూటర్ నాదని అరుస్తున్నా వినకుండా అన్నీ చెరిపేసింది.

సాయంత్రం అక్కకు చెప్పింది. అమ్మ సంగతి వింటే భగ్గుమంటుందనుకుంది.

"ఆయన సరదా మనిషి," అంది అక్క, బట్టలు మడతపెడుతూ. "నీకు మొదటినుంచీ అన్నీ అసహ్యమే."

ఆ మాటతో, తాపీగా మడతలు పెడుతున్న అక్క చేతులు చూడటం కూడా ఆమెకు కష్టమైంది.

మర్నాడు నర్సమ్మ ఇంటికి వెళ్లి, దాచకుండా చెప్పి, తలదించుకు నిలబడింది.

"చెంచా అన్న మాట రావడానికి మాకు వేసవంతా పట్టింది," అంది నర్సమ్మ. "నువ్వు చూశావా?"

"కొంచెం చూశానమ్మా, కాపీ వచ్చిందో లేదోనని."

"ఆయన అన్న మాట తెలిసిందా నీకు?"

"తెలిసింది."

నర్సమ్మ కళ్లు తుడుచుకుని ఆమెకు కుర్చీ చూపించింది.

కాపీ అక్క స్టూడియో మానేసింది. పాత కంప్యూటర్ ఒకటి సంపాదించి ఇంట్లోనే పని మొదలుపెట్టింది. డిస్కు తెచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, చెరిపేయడం వాళ్ల చేతే చేయిస్తుంది. అక్క ఇంటికి బావ లేనప్పుడే వెళ్తుంది, మంచినీళ్లు తాగి వచ్చేస్తుంది. అతను మాత్రం వీధిలో ఎదురైతే ఏమీ జరగనట్టు "బాగున్నావా మరదలా?" అని నవ్వుతూ పలకరిస్తాడు. అన్నిటికంటే ఆమెకు ఆ పలకరింపే రోత.