శుక్రవారం సాంబ్రాణి

ఇంటర్‌తో చదువు ఆగిపోయిన కల్పలత, అల్వాల్‌లో గ్యాస్ సెన్సర్లు చేసే చిన్న వర్క్‌షాపులో ఇన్నాళ్లూ ప్యాకింగే చేసింది. ఈసారి బియ్యపు గింజంత చిప్పుల మీద టిన్ ఆక్సైడ్ నానోపొడి పూత తనే వేసింది. గ్యాస్‌ను పసిగట్టేది ఆ పూతే. అది చెడితే మళ్లీ అట్టపెట్టెల దగ్గరికే పోవాలి.

యజమాని జయకృష్ణ చిప్పుల్ని మీటరుకు కలిపాడు. గ్యాస్ వదలకముందే అంకెలు పైకి ఎగబాకాయి.

"పూత మందమైనట్టుంది సార్," అంది కల్పలత, తలెత్తకుండా.

అంతలో పై అంతస్తు నుంచి జయకృష్ణ తల్లి జగదాంబ ధూపం గిన్నెతో దిగివచ్చింది. శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి వేసి, చివరికి వర్క్‌షాపుకూ వేస్తుందామె. ఆమె దగ్గరికొచ్చేకొద్దీ అంకెలు ఇంకా పెరిగాయి.

"సార్, అమ్మగారు వస్తుంటే ఎక్కువైతున్నయ్," అంది కల్పలత మెల్లగా.

జయకృష్ణ గిన్నె బయట పెట్టించి, కిటికీలన్నీ తెరిచాడు. కాసేపటికి అంకెలు దిగి కుదురుకున్నాయి. కల్పలత అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"దేవుడి ధూపాన్ని గ్యాసంటాయా? వీటికి బొత్తిగా భక్తి లేదే అమ్మాయ్," అంది జగదాంబ.

కల్పలత నవ్వాపుకుంటూ అడిగింది. "మిగిలినయి సుత నేనే పూయాల్నా సార్?"

"నువ్వే. టెస్టింగ్ మాత్రం శుక్రవారం వద్దు."