ఇసకలో కూర్చున్న యుద్ధనౌక

నేవీలో నేను పనిచేసిన ఓడ ఒడ్డుకు గుద్దుకోవడానికే పుట్టింది. శత్రువు మనకోసం రేవు కట్టి ఉంచడు కదా. అందుకని ఓడే ఇసక మీదికెక్కి, ముందున్న తలుపులు తెరిచి, ట్యాంకుల్నీ జవాన్లనీ దింపి, సముద్రం పోటు తగ్గేలోగా వెనక్కి వెళ్లిపోవాలి. తొంభైల చివర్లో ఈ విద్య సాధన చేయడానికి పాలకాయతిప్ప తీరానికి వచ్చాం. ఓడలో తెలుగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ గుడివాడ తెలుగు; సముద్రం భాష నాకేం తెలుసు?

జవాన్లు తుపాకులతో పరిగెత్తుకుంటూ దిగేసరికి, ఎదురుగా ఇరవై మంది జాలర్లు నిలబడి జాలిగా చూస్తున్నారు. వాళ్లకి విషయం చెప్పమని కెప్టెన్ నన్ను ముందుకు తోశాడు. వాళ్లలో పెద్దాయనతో వినయంగా అన్నాను.

"ఏం లేదండీ, ఓడ ఇసకలో కూర్చుంది."

అక్కడ కూర్చోవడమంటే ఇరుక్కుపోవడమట. ఎవరి పడవ కూర్చున్నా చూసినవాళ్లంతా భుజం పట్టాల్సిందే. తువ్వాళ్లు భుజాన మడతపెట్టుకుని ఇరవై మందీ యుద్ధనౌకకి ఆనుకుని హైలెస్సా అన్నారు. కెప్టెన్ మొహం చూడాలి అప్పుడు.

కావాలనే ఎక్కించామని చెప్పేసరికి నా నోరు ఎండిపోయింది. పెద్దాయన ఒక్క ముక్క నమ్మలేదు. పైగా తన బాధ తను చెప్పుకొచ్చాడు. తెల్లారి వేసిన వల నీటి వాలుకి మా ఓడ వెనక వైపుకి కొట్టుకొస్తోంది. ఓడ కదిలిందా, వల దాని పంకాల్లో పడి పీలికలవుతుంది. ఆర్నెల్లు కూర్చుని అల్లిన వల అది. వల లాగేదాకా ఆగమని కెప్టెన్‌ని బతిమాలాను.

కెప్టెన్ గడియారం చూసి పది నిమిషాలన్నాడు. పది నిమిషాల్లో ఏ వలా ఒడ్డుకు రాదు. శత్రుతీరాన్ని పట్టుకోవడానికొచ్చిన జవాన్లు తుపాకులు వీపున వేసుకుని వల తాడు పట్టుకున్నారు. చివరికి కెప్టెన్ కూడా టోపీ తీసి చంకలో పెట్టుకుని ఓ చెయ్యి వేశాడు. వల చిన్న చిరుగు కూడా లేకుండా వచ్చింది, నిండా కవళ్ల చేపలతో. పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఇంతలో ఓడలోవాళ్లు ఇంజన్లు వేశారు. గుర్రుమన్నాయి గానీ ఓడ అంగుళం జరగలేదు. మేం వల లాగుతుండగానే పోటు తగ్గి నీళ్లు తీసేశాయి.

వాళ్లకి చెప్పు అన్నాడు కెప్టెన్, నా వైపు చూడకుండా. సిగ్గుతో చచ్చిపోతూ వేరే మాట కోసం వెతికాను. దొరకలేదు.

"ఓడ కూర్చుందండీ."

"పొద్దున్నే చెప్పావుగా బాబూ," అన్నాడు పెద్దాయన, తువ్వాలు మళ్లీ భుజాన మడతపెట్టుకుంటూ.