కారానికి మండని పుండు

రాష్ట్రం విడిపోయిన మూడో ఏడు, మిరప ఏరే రోజుల్లో, భద్రాచలం దిక్కున ఒక ఆసుపత్రిలో డెంటల్ సర్జన్‌గా చేరాను. ఆసుపత్రి పేరు రాయను. అక్కడివాళ్లకు తెలుసు. చేరిన వారానికే సూపరింటెండెంటు నా కుర్చీకి ఎసరు పెట్టాడు. దంతవైద్యుడు ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్రపు దంతవైద్య మండలిలో పేరు నమోదై ఉండాలి. నా నమోదు కోస్తాలో జరిగింది. అది బదిలీ కావాలంటే ఇతని మీద ఫిర్యాదులు లేవని పాత మండలి ధ్రువపత్రం ఇవ్వాలి, కొత్త మండలి దాన్ని చూసి నంబరివ్వాలి. దరఖాస్తు నేను చేరకముందే పెట్టాను. అది రెండు ఆఫీసుల మధ్య ఇరుక్కుంది. ఇదంతా తెలిసే ఆయన నన్ను చేర్చుకున్నాడు. అయినా స్టాఫంతా ఉన్నప్పుడు, "నంబర్ లేని పండ్ల డాక్టర్ నాకెందుకు? వచ్చేదాంక ఊకె కూసో" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

అలా కూర్చుని ఉండగా ఒకరోజు సమ్మక్క అనే అమ్మాయిని ఆమె మేనత్త తీసుకొచ్చింది. ఇద్దరూ అవతలి రాష్ట్రపు అడవి ఊరి నుంచి మిరపతోటల్లో కూలికి వచ్చినవాళ్లు. అమ్మాయికి దవడపన్ను నొప్పి. నాకు ఇక్కడి నంబరు రాలేదు కాబట్టి పన్ను తీయకూడదని చెప్పాను.

మేనత్త నన్ను ఎగాదిగా చూసింది. "మేము గూడ ఆ పక్క నుంచే వచ్చినం సారూ. కాయ ఏరేటప్పుడు మమ్ముల నంబర్ ఎవ్వలడగలే."

"కాయ తప్పు ఏరితే కాయే పోతుంది. పన్ను తప్పు పీకితే?" అన్నాను.

"పీకకు. చూడు. చూసేటందుకు గూడ నంబర్ కావాల్నా?"

చూశాను. పంటి అద్దంతో ముందు అంగిలి చూసి, నొప్పి ఉన్న పన్నును చివర చూడటం నా అలవాటు. పన్ను కదిపాక రోగి మళ్లీ నోరు తెరవడు. అంగిలి మధ్యలో ఎర్రటి పుండు ఉంది. కారం తగిలితే మండుతుందా అని అడిగితే, అక్కడ పుండున్నట్టే తనకు తెలియదంది సమ్మక్క. చెంపలు రెండూ, ముక్కు దూలం మీదుగా కందిపోయి ఉన్నాయి. మిరప ఏరే రోజుల్లో ఎవరి ముఖమైనా మండుతుంది. కొబ్బరినూనె రాసుకుని పనికి పోతారు. తనదీ ఆ మంటేననుకుంది. కానీ ఈ ఎరుపు తోటలోకి దిగకముందే, వరినాట్లప్పటి నుంచే ఉందట. కాళ్లు వాచాయి. మూత్రం నురగ వస్తోందని మేనత్త చెప్పింది.

నొప్పి తెలియని అంగిలి పుండు, చెంపల ఎరుపు, నురగ మూత్రం కలిపి చూసి లూపస్ అని అనుమానించాను. ఒంటిని కాపాడాల్సిన ప్రతిరక్షకాలు ఒంటి మీదికే తిరగబడే జబ్బు అది. ఆలస్యమైతే మూత్రపిండాలు పోతాయి.

సూపరింటెండెంటు జనరల్ మెడిసిన్ వైద్యుడు. రక్తపరీక్ష రాయాల్సింది ఆయనే. అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

"మిర్చి మంటకు లూపసేందయ్యా? పండ్లు చూసుకో. అది గూడ నంబర్ వచ్చినంక" అన్నాడు.

నా పేరు వద్దు, మీ పేరు మీదే రాయండి, రాసేదాకా కదలను అన్నాను. బయట లైను పెరిగింది. తలుపు దగ్గరి ముసలాయన ఒకడు, "ఏంది సారూ, నొప్పి నీకా, ఆ పిల్లకా? జల్దీ తేల్చుర్రి" అని కేకేశాడు. సూపరింటెండెంటు విసురుగా రాసిచ్చాడు.

మొదటిది ఏఎన్ఏ, ఒంటి కణాల మీదికే తిరిగిన ప్రతిరక్షకాలు ఉన్నాయా అని చూసే పరీక్ష. రోగి రక్తరసాన్ని కణాలు పరిచిన గాజుపలక మీద వేసి, ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో అవి మెరుస్తున్నాయా అని చూస్తారు. ఖమ్మం నుంచి పాజిటివ్ అని వచ్చింది. "మంచిగున్నోళ్లకు గూడ ఇది పాజిటివ్ వస్తది" అన్నాడాయన. అది నిజమే. ఒప్పుకున్నాను. అందుకే ఇక్కడ ఆగకూడదన్నాను. డీఎన్ఏ మీద దాడి చేసే ప్రతిరక్షకాల పరీక్ష ఇంకా గట్టి సాక్ష్యం. దానితోపాటు మూత్రంలో ప్రొటీను చూడాలి. మళ్లీ అదే గదిలో నిలబడ్డాను. మళ్లీ రాశాడు. రెండూ ఎక్కువగా వచ్చాయి. సమ్మక్కను హైదరాబాదు పంపారు. అక్కడ మూత్రపిండం ముక్క తీసి పరీక్షించి, జబ్బు దానికి పాకిందని తేల్చి మందులు మొదలుపెట్టారు. పన్ను సంగతీ అక్కడే చూశారు.

తర్వాతి నెల సమావేశంలో సూపరింటెండెంటు ఆ కేసును తాను పట్టినట్టు వివరించాడు. నేను లేచి, పుండు అంగిలిలో ఎక్కడుందో చెప్పమన్నాను. ఆయన ఆ నోరు తెరిపించి చూడనే లేదు.

నంబరు మళ్లీ మిరప ఏరే రోజులకు గానీ రాలేదు. ఆ ఏడు కూలికి సమ్మక్క రాలేదు. ఎండ తగలకూడదని వైద్యులు చెప్పారు. మేనత్త ఒక్కతే వచ్చింది. పిల్ల కాళ్ల వాపు దిగిందని, కిడ్నీలు పని చేస్తున్నాయని చెప్పి, "నంబర్ వచ్చిందా సారూ?" అని అడిగింది. వచ్చిందన్నాను. "అయితే నా పన్ను పీకు" అని కుర్చీలో కూర్చుంది.

పీకాను. అక్కడ నేను తీసిన మొదటి పన్ను అదే. నంబరు లేని రోజుల్లో ఒక్క పంటికీ పట్టకారు పెట్టలేదని ఎవరి ముందైనా చెబుతాను. రిజిస్ట్రేషను చేతికి హద్దు పెడుతుంది, పెట్టాలి కూడా. కంటికి పెట్టదు. నోట్లో కనిపించింది చెప్పడం నా పని, వినకపోతే వినేదాకా చెప్పడమూ నా పనే.

సూపరింటెండెంటు రిటైరై ఇప్పుడు కొత్తగూడెంలో ఉంటున్నాడు. "నంబర్ లేని పండ్ల డాక్టర్" అన్న మాటకు క్షమాపణ ఇంతవరకూ చెప్పలేదు. ఎదురైనప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.