మంచిగనే ఉంది సారూ

కాటయ్యది గరిడేపల్లి పక్క పల్లె. బుద్ధి తెలిసినప్పటి నుంచీ గొర్ల వెంటే బతుకు. వరికోతలయ్యాక మందను తోలుకుని నేరేడుచర్ల దాకా పోయేవాడు. ఎరువు కోసం రైతులు పిలిస్తే ఒకరి పొలంలో మూడు రోజులు, ఇంకొకరి పొలంలో నాలుగు రోజులు మందను ఆపేవాడు. అరవై దాటినా ఆయన నడకను కుర్రవాళ్లు అందుకోలేకపోయేవారట. ఇదంతా ఆయన భార్య ముత్తమ్మ నాకు చెప్పింది. నేను చూసేనాటికి ఆయన మంచం మీద ఉన్నాడు.

అది 2010. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరెందుకులెండి. నా పేరు కరుణ. సర్కారు కార్డు మీద చేరిన రోగుల కాగితాలు నింపడం నా పని. ఇంటికి పోయేరోజు ‘వైద్యంతో సంతృప్తి చెందాను, నాకు ఏ ఇబ్బందీ లేదు’ అన్న ఉత్తరం మీద వాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అది లేకపోతే ఆసుపత్రికి బిల్లు రాదు. నెలాఖరున లెక్క తీస్తే టౌనువాళ్లలో సగం మంది ఏదో ఒక ఫిర్యాదు చేసి, అది సరిచేయించుకున్నాకే సంతకం పెట్టినట్టు. పల్లెవాళ్లలో మాత్రం నూటికి తొంభై ఎనిమిది మంది తృప్తిగా ఇంటికి పోయినట్టు. మా మేనేజరు ఆ కాగితాన్ని గోడకు అంటించి, “పల్లెటూరోళ్లకు కృతజ్ఞత ఉంటది” అని మురిసిపోయేవాడు.

నాకు ఒళ్లు మండేది. నేనూ కూలివాళ్ల బిడ్డనే. మా నాయన జ్వరంతో గజగజ వణుకుతూ కూడా డాక్టరు అడిగితే బాగానే ఉందనేవాడు. బాగా లేదంటే అంత పెద్దమనిషిని తప్పుపట్టినట్టు అవుతుందని, రేపు మళ్లీ ఆయన గడపే తొక్కాలని. అది కృతజ్ఞత కాదు, భయం. ఈ సంగతి ఆ ఆసుపత్రిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసి నేను ఉద్ధరించింది ఏమిటో చెబుతాను.

కాటయ్య గొర్లకు కొమ్మలు కొడుతూ చెట్టు మీంచి పడ్డాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. సోమవారం పిండికట్టు వేశారు. పక్క మంచం మీద మహేశ్వర్ అని టౌనులో బీమా ఆఫీసు ఉద్యోగి, ఆయనకు మణికట్టు విరిగింది. ఫ్యాను కిర్రుమంటోందని బెల్లు, టీ చల్లారిందని బెల్లు. కట్టు బిగుతుగా ఉందన్న గంటలోపే ఎముకల డాక్టరు వచ్చి, అంచు కత్తిరించి, దూది పెట్టి పోయాడు. మహేశ్వర్‌ను నేను ఏమీ అనను. ఆయన అడిగాడు, చేయించుకున్నాడు.

మంగళవారం పొద్దున డాక్టరు రౌండ్సుకు వచ్చి, “ఏం పెద్దాయనా, ఎట్లుంది?” అన్నాడు.

కాటయ్య చేతులు జోడించి లేచి కూర్చోబోయాడు. “మంచిగనే ఉంది సారూ.”

డాక్టరు దుప్పటి కూడా ఎత్తి చూడలేదు. చీటీ మీద ‘నొప్పి లేదు’ అని గీకి పక్క మంచానికి పోయాడు.

కాసేపటికి ముత్తమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. “బిడ్డా, రాత్రంత కన్ను మూయలే. కాలి వేళ్లు సల్లగున్నయ్. పట్టుకుంటే తెలుస్తలేదంటుండు. జర సారుకు సెప్పరాదు.”

“తాతనే చెప్పమనరాదు అవ్వా?”

“ఎట్ల సెప్తడు బిడ్డా? అంత పెద్ద సారు కట్టిన కట్టును మంచిగ లేదంటడా?”

వెళ్లి చూశాను. వేళ్లు వాచి నీలం తిరిగి ఉన్నాయి. నర్సుకు చెప్పాను. “పేషెంటే బాగుందంటుంటే మధ్యలో నీకేంటి?” అంది. డాక్టరు గదికి పోయాను. “నువ్వు నీ కాగితాలు చూసుకో” అన్నాడు. అక్కడే నేను రచ్చ చేసి ఉండాల్సింది. కొలువులో చేరి నాలుగు నెలలే అయింది. నోరు మూసుకుని వచ్చి నా కాగితాలు చూసుకున్నాను.

బుధవారం ఇంటికి పంపేశారు. ఉత్తరం నేనే రాశాను. చదువు రానివాళ్లకు దాన్ని చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి, అది రూలు. చదివితే ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్న ముక్క నా నోటితో అనాలి. ఆ కాలును చూసినదాన్ని, అనలేకపోయాను. “ఇక్కడ వేలు పెట్టు తాతా” అన్నాను. పెట్టాడు. “సల్లగుండు బిడ్డా” అని దీవించి మరీ పోయాడు.

శనివారం మళ్లీ మోసుకొచ్చారు. అప్పటికి వేళ్లు నల్లబడ్డాయి. డాక్టరు కట్టు విప్పి చూసి, హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు. అక్కడ మోకాలి కింద కాలు తీసేశారు. ఇంటికొచ్చిన వారానికి మందను అమ్మేశారు.

కాటయ్య కొడుకు నగేష్ రైసుమిల్లులో పని చేస్తాడు. వాడు ఊరుకోలేదు, డాక్టరు మీద పైవాళ్లకు అర్జీ పెట్టాడు. రెండు నెలలకు విచారణ అని ఒక ఆఫీసరు వచ్చి మేనేజరు గదిలో కూర్చున్నాడు. ఒకవైపు డాక్టరు, మేనేజరు, నేను. ఎదురుగా నగేష్, చంకకర్రలు ఒళ్లో పెట్టుకుని కాటయ్య. మేనేజరు నేను రాసిన ఉత్తరాన్ని తీసి ఆఫీసరు ముందు పెట్టాడు.

“ఈ వేలిముద్ర నీదేనా?” అని అడిగాడు ఆఫీసరు.

“నాదే సారూ.”

“ఇందులో ఏముందో ఈ అమ్మాయి నీకు చదివి వినిపించిందా?”

“సదవలే సారూ. మా అమ్మ పక్కనే ఉన్నది” అన్నాడు నగేష్.

“నిన్ను కాదు, ఆయన్ను అడిగాను.”

చదవలేదంటే ఆ ఉత్తరం చెల్లదు. డాక్టరు జవాబు చెప్పుకోవాలి. నా కొలువు ఆ సాయంత్రానికే పోతుంది. కాటయ్య తలెత్తి నా వైపు చూశాడు. చదవలేదని చెప్పు తాతా అనుకున్నానని ఇప్పుడు రాస్తే అది అబద్ధం. చెప్పొద్దనే అనుకున్నాను. నా ముఖంలో అదే కనబడి ఉంటుంది.

“సదివింది సారూ. మంచిగ సదివి సెప్పింది” అన్నాడు.

ఆఫీసరు రెండు ముక్కలు రాసుకుని ఫైలు మూశాడు.

వాళ్లు వరండాలోకి పోయారు, నేను నా బల్ల దగ్గరికి వచ్చాను. కిటికీలోంచి మాటలు వినబడుతున్నాయి. “ఎందుకట్లంటివి నాయినా?” అన్నాడు నగేష్.

“ఆ పిల్ల మొకం సూడకపోతివా? గడగడ వణుకుతుంది. దాని కొలువు తీస్తే నా కాలు మల్ల మొలుస్తదారా?”

మేనేజరు గదిలో ఆఫీసరు ఇంకా టీ తాగుతూనే ఉన్నాడు. నాలుగడుగులు వేసి, నేను చదవలేదు సార్ అంటే సరిపోయేది. నాకు రెండు కాళ్లూ ఉన్నాయి. కదల్లేదు.