మాస్టారి దిక్సూచిలో బుడగ

నీటి మీద దారి కనుక్కోవడానికి మానవజాతి మొదట నక్షత్రాలను నమ్ముకుంది. తరువాత పక్షులను, గాలిని, చివరకు అయస్కాంతపు సూదిని. వేల ఏళ్ళ ఈ కృషికి పరాకాష్ఠగా భూగోళం మాస్టారు ఒక సరికొత్త విధానాన్ని లోకానికి ప్రసాదించారు. ఎదురొచ్చినవాణ్ణి ఆపి అడగడం.

వీధిలో అయితే వింతేమీ లేదు. ఆయన ఆపేది నడినీళ్ళలో.

జీవితమంతా బడిపిల్లల చేత దిక్కులు వల్లె వేయించి, ఉద్యోగం అయిపోయాక తెరచాప కట్టిన చిన్న పడవ ఒకటి కొనుక్కుని, ఆదివారాలు సముద్రపు పాయలో విహరించేవారు. మరో పడవ కనబడితే చాలు, చెయ్యెత్తి, "బాబూ, ఎర్ర దీపస్తంభం దీవికి ఎటు పోవాలి?" అనేవారు. జాలర్లను అడిగేవారు. ఈతగాళ్ళను అడిగేవారు. వాళ్ళు నోట్లో నీళ్ళు ఉమ్మేసి మరీ చెప్పేవారు. ఒకసారి హద్దు గుర్తుగా అలల మీద తేలే నారింజరంగు బోయాను మనిషి తల అనుకుని అడిగి, జవాబు రాకపోయేసరికి "ఏం పొగరు!" అని రోజంతా నొచ్చుకున్నారు.

తప్పంతా పడవలోని దిక్సూచిదేనని ఆయన వాదన. అది నిజంగానే ముసలిదైపోయింది. గాజుగిన్నెలో నూనె కారిపోయి ఉసిరికాయంత బుడగ చేరింది. అక్షరాలు వెలిసిపోయాయి. లోపలి బిళ్ళ ఒకవైపు ఒరిగి, క్లాసులో కునికే కుర్రాడిలా తలూపేది.

"కొత్తది కొనుక్కోవచ్చుగా మాస్టారూ?" అంటే, "కొనొచ్చు. ఏ షాపులో దొరుకుతుందో ఎవర్నైనా అడగాలి" అనేవారు.

రేవులో అందరూ పడీపడీ నవ్వేవారు. నవ్వనివాడు ఒక్కడే, ఆయన తోడల్లుడు, అంటే మావగారి చిన్నల్లుడు.

ఈ చిన్నల్లుడికి మందుల షాపు ఉంది. మాస్టారి పడవ పక్కనే కట్టే సొంత పడవ ఉంది. అందులో మెరిసే దిక్సూచి ఉంది, జీపీయెస్ ఉంది, లోతు చెప్పే యంత్రం ఉంది, మెత్తని సీట్లు, నీడకు పైకప్పు, చల్లటి నీళ్ళ పెట్టె అన్నీ ఉన్నాయి. మావగారు మాత్రం అందులో ఉండరు.

మావగారు ఒకప్పుడు ఆ పాయ మీద లాంచీ నడిపి జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించినవారు. వంతెన వచ్చింది, లాంచీ ఆగింది. ఇప్పుడు కూతుళ్ళిద్దరూ ఆయన్ని గాజుబొమ్మలా చూసుకుంటున్నారు. ఆదివారం పొద్దున్నే టోపీ పెట్టుకుని రేవుకొచ్చి, చిన్నల్లుడి పడవలోకి దిగి, మెత్తని సీట్లను దాటుకుంటూ వెళ్ళి, మాస్టారి పడవలో చెక్కబల్ల మీద కూర్చునేవారు. అంత ఖరీదైన పడవా ఆయనకు మెట్టుగా పనికొచ్చింది.

"మావయ్యగారూ, ఇక్కడ నీడగా ఉంది."

"ఉండనీ బాబూ."

"చల్లటి నీళ్ళున్నాయి."

"తాగు బాబూ."

పక్క పడవలోంచి మాస్టారి కేక వినబడేది. "మావయ్యా, తొందరగా రండి! ఇది ఇవాళ ఉత్తరాన్ని మనింటి వైపు చూపిస్తోంది."

"నీ దిక్సూచి తగలెయ్య! జరుగు, జరుగు." ఆ మాటతో మావగారి వయసు సగానికి సగం రాలిపోయేది.

చిన్నల్లుడు ఇక ఓర్చుకోలేక ఒకరోజు, "మీ బావగారిలో ఏం చూసి అలా ఎగబడతారు మీ నాన్న?" అని భార్యను నిలదీశాడు.

"బావగారు ఆయన్ని అడుగుతారండీ."

"నేను అడగట్లేదా? సీటు కావాలా, నీళ్ళు కావాలా, మాత్ర వేసుకున్నారా..."

"అదే మరి," అందామె కూర తరుగుతూ.

అసూయ కొందరిని నేరాలకు దిగజారుస్తుంది. చిన్నల్లుణ్ణి పరోపకారానికి దిగజార్చింది. దిక్సూచి బాగుపడితే మాస్టారికి మావగారితో పనుండదు. పనిలేని మావగారు మెత్తని సీటు మీద వాలక ఎక్కడికి పోతారు?

"అన్నయ్యా, దాన్ని ఇటివ్వండి. కొత్తదానిలా చేసిస్తాను," అన్నాడు తేనె ఒలకబోస్తూ.

మాస్టారు దిక్సూచికి అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఎందుకు తమ్ముడూ నీకు శ్రమ? దానికి నేను అలవాటు పడిపోయాను."

"శ్రమేముంది?" చిన్నల్లుడు అప్పటికే మరలు విప్పేస్తున్నాడు.

మందుల షాపు వెనకగదిలో శస్త్రచికిత్స మొదలైంది. పాత నూనె వంపేశాడు. పగుళ్ళిచ్చిన రబ్బరు వలయం మార్చాడు. పసుపెక్కిన గాజుమూత తీసి కొత్తది బిగించాడు. బిళ్ళ తిరిగే ములికి మొన అరిగిపోతే సానబెట్టాడు. సన్నని కుంచెతో అక్షరాలు దిద్దాడు. చివరికి కొత్త నూనెను పెద్ద సిరంజిలోకి లాగి, చంటిపిల్లకు ఇంజెక్షన్ చేసినంత నెమ్మదిగా ఎక్కించాడు. బయట కౌంటరు దగ్గర ఎవరో "జ్వరం బాబూ, జ్వరం!" అని మొత్తుకుంటుంటే, "ఉండండి, ఇక్కడ సీరియస్‌గా ఉంది" అన్నాడు. గిన్నెను అటు వంచి ఇటు వంచి ఆఖరి బుడగను సాగనంపినప్పుడు, శత్రురాజ్యం కోట కూలినంత సంబరపడ్డాడు.

ఆదివారం దాన్ని మాస్టారి పడవలో బిగించాడు. ఉత్తరాన్ని ఉత్తరంగానే చూపించింది. మాస్టారు దానివైపు బంధువు పోయిన కబురు విన్నట్టు చూశారు.

"చాలా... బాగుంది తమ్ముడూ."

చిన్నల్లుడు ఈలవేస్తూ తన పడవలోకి వచ్చి సీటు దులిపాడు. ఎందుకో పక్కకు చూశాడు. మాస్టారు పనిముట్ల పెట్టెలోంచి పెద్ద ఇనపసుత్తి తీసి, గుడ్డలో చుట్టి, దిక్సూచి పక్కన దోపుతున్నారు. దిక్సూచి ఉలిక్కిపడి పక్కకు తిరిగింది.

"అన్నయ్యా! ఏంటది?"

మాస్టారు సుత్తిని గుండెలకు హత్తుకున్నారు. "నెమ్మదిగా తమ్ముడూ. ఆయన వచ్చే వేళైంది."

"పక్కన ఇనుముంటే అది తప్పు చూపిస్తుందని మీకు తెలీదా?"

"తెలీకపోవడమేంటి? ఏటా తొమ్మిదో తరగతికి చెప్పిన పాఠం."

"మరి దారి?"

"ఈ పాయలో కళ్ళకు గంతలు కట్టినా తిరిగొస్తాను."

"మరి ఆ జాలర్లనీ, ఈతగాళ్ళనీ అడగడం?"

"ఒక్క ఆయన్నే అడిగితే ఆయనకు అనుమానం రాదూ?" మాస్టారు గొంతు తగ్గించారు. "లాంచీ ఆగిపోయాక ఆయన్ని ఎవరైనా దారి అడిగారా చెప్పు? కూర్చోండి, తినండి, పడుకోండి. ఆయనంటే అందరికీ ప్రేమే. ఆయనతో అవసరమే ఎవరికీ లేదు."

ఒక్క మనిషి కోసం ఈయన ఊరందరి ముందూ దారి తెలియనివాడిగా బతుకుతున్నారన్నమాట. చిన్నల్లుడి కోపం పోయింది. అసూయ మాత్రం పోలేదు సరికదా, ఇంత మంచి బుద్ధి తనకు ముందు పుట్టనందుకు ఇంకాస్త పెరిగింది.

"అన్నయ్యా," అన్నాడు చివరికి, "ఈ ఒక్క ఆదివారం... ఆ సుత్తి నాకిస్తారా?"

మాస్టారు దాన్ని కన్నబిడ్డను అప్పగిస్తున్నట్టు అప్పగించారు.

మావగారు వచ్చారు. "ఇవాళ నాకు నడుం పట్టేసింది మావయ్యా," అని మాస్టారు మూలిగారు. అప్పటికే సుత్తిని తన దిక్సూచి పక్కన దోపిన చిన్నల్లుడు యంత్రాలన్నిటి మీదా తువ్వాలు కప్పేసి, పెళ్ళిచూపుల్లో కుర్రాడిలా గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యగారూ, ఈ దిక్సూచి ఏంటో తిక్కతిక్కగా చూపిస్తోంది. ఎర్ర దీపస్తంభం దీవికి ఎటు పోవాలండీ?"

మావగారు తువ్వాలు వైపు చూశారు. అల్లుడి వైపు చూశారు.

"జరుగు," అని చుక్కాని అందుకున్నారు.

కాసేపటికి తువ్వాలు కింద లోతు చెప్పే యంత్రం కీచుకీచుమని ఏడవసాగింది. చిన్నల్లుడు మర్యాదకు విననట్టు ఊరుకున్నాడు. ఆ వెంటనే పడవ కర్రుమంటూ ఇసుకమేట ఎక్కి ఆగిపోయింది.

"మావయ్యగారూ, ఈ దారి మీకు తెలుసన్నారుగా?"

"నేనెప్పుడన్నాను? నువ్వడిగావు, చెప్పాను."

"మరి అన్నయ్య పడవలో ప్రతి ఆదివారం..."

"వాడిది చిన్న పడవ. చారెడు నీళ్ళున్నా తేలుతుంది." మావగారు టోపీ తీసి పక్కన పెట్టుకున్నారు. "ఇలాగే ఒకసారి లాంచీ ఇరుక్కుపోయింది. నిండా జనం. ఏమైందో చెప్పనా?"

"చెప్పండి," అన్నాడు చిన్నల్లుడు, దగ్గరగా జరిగి.

పోటు వచ్చి పడవ తేలేసరికి సాయంత్రమైంది.